మాటకన్నా పని మిన్న – దీవాన్ మొదటి సాలార్‌జంగ్ జీవితం

ఊరినుంచి బంధువులెవరైనా హైదరాబాదు వస్తే మనం వారిని చార్మినార్ తర్వాత తప్పక తీసుకువెళ్ళేది సాలార్‌జంగ్ మ్యూజియానికి. అక్కడ పిల్లలు గంటలు కొట్టే గడియారం ముందు కూర్చుంటారు. పెద్దలు మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ ముందు నిలబడి, రాతిలో ఇంత పలుచని ముసుగు ఎట్లా వచ్చిందా అని ఆశ్చర్యపోతారు. బయటికి వచ్చి సోడా తాగి ఇళ్ళకు పోతారు. ఆ సాలార్‌జంగ్ ఎవరని దారిలో ఏ పిల్లవాడైనా అడిగితే, వస్తువులు సేకరించిన పెద్ద నవాబు అని జవాబు చెప్పి ఊరుకుంటాం.

ఆ జవాబు సగం నిజమే. మ్యూజియంలోని వస్తువుల్లో చాలావరకు సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయన తాతగారు మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. రెబెకా బొమ్మను 1876లో రోము నగరంలో కొన్నది మాత్రం ఈ తాతగారే. కానీ ఆయన మనకు మిగిల్చిన అసలు ఆస్తి బొమ్మలు కాదు. ముప్ఫై ఏళ్ళపాటు ఒక దివాళా తీసిన రాజ్యాన్ని లెక్క తర్వాత లెక్క, కాగితం తర్వాత కాగితం సరిచేస్తూ నిలబెట్టిన మనిషి ఆయన. గొప్ప వక్త కాదు, యుద్ధవీరుడు కాదు, కవి కాదు. చెప్పిన పని చెప్పిన వేళకు చేసే మనిషి. అటువంటి వారి చరిత్రలు సభల్లో తక్కువగా వినిపిస్తాయి. సంక్షేమ సంఘాలు నడిచేది మాత్రం అటువంటి వారి భుజాలమీదే. అందుకే ఈ సంవత్సరం సంచికలో ఆయన జీవితాన్ని మా సభ్యుల ముందు, వారి పిల్లల ముందు ఉంచుదామనుకున్నాము.

బాల్యం, ఖమ్మంలో ఎనిమిది నెలలు

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో బీజాపూరులో జన్మించారు. వారి పూర్వీకులు మదీనా నుంచి దక్కనుకు వచ్చినవారు. నిజాం ప్రభుత్వంలో దీవానుగా చేసి, తన పేర చెరువు నిలిచిపోయిన మీర్ ఆలం ఆ వంశానికి బంధువు. తాత మునీరుల్ ముల్క్, పినతండ్రి సిరాజుల్ ముల్క్ కూడా దీవానులే. ఇన్ని పదవులున్న ఇల్లు గనుక పిల్లవాడు పట్టుపరుపులమీద పెరిగాడనుకుంటాం. జరిగింది వేరు. పసితనంలోనే తండ్రి పోయారు, కొద్దికాలానికే తాత పోయారు. కుటుంబం అప్పుల్లో పడింది. పెద్ద ఇంట్లో పుట్టినా, అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఎట్లా ఉంటుందో ఆ పిల్లవాడు చిన్నప్పుడే చూశాడు. పార్సీ చదువుతోబాటు ఆంగ్లం కూడా నేర్చుకున్నాడు. లెక్కల పుస్తకం చూడటం మాత్రం ఇంటి పరిస్థితే నేర్పింది.

పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ వయసులో, అంటే 1847-48 ప్రాంతంలో, ఆయనకు దొరికిన మొదటి కొలువు మన తెలుగుగడ్డమీదే. ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా వేశారు. అంతకుముందు అక్కడ డైటన్ అనే ఆంగ్లేయుడు పనిచేసి, శిస్తు వసూలుకు ఒక పద్ధతి పెట్టి ఉన్నాడు. వచ్చిన కుర్రవాడు ఆ పద్ధతిని చెరిపివేయలేదు, అది ఎట్లా నడుస్తున్నదో కూర్చుని నేర్చుకున్నాడు. అక్కడ ఉన్నది దాదాపు ఎనిమిది నెలలే. ఆ ఎనిమిది నెలల్లో రైతు ఏమిస్తాడు, పట్వారీ ఏం రాస్తాడు, ఖజానాకు చేరేసరికి ఏం మిగులుతుంది అన్న మూడు సంగతులూ కళ్ళారా చూశారు. తర్వాత తన కుటుంబపు జాగీరు చేతికి వస్తే దాన్ని కూడా అదే పద్ధతిమీద చక్కబెట్టుకున్నారు. రాజ్యం చేతికి రాకముందు ఒక తాలూకా, ఒక ఇల్లు నడిపి చూసిన మనిషి అన్నమాట.

ఇరవై నాలుగేళ్ళకు దీవాను

1853 మే నెలలో హైదరాబాదుకు పెద్ద దెబ్బ తగిలింది. ఆంగ్లేయ అధికారుల కింద ఉండే కంటింజెంటు సైన్యపు ఖర్చు నిజాం భరించాలి. ఆ బాకీ పేరుకుపోయింది. దానికి బదులుగా పత్తి పండే బేరారును, రాయచూరు దోఆబును, ధారాశివ్ ప్రాంతాన్ని కంపెనీ వారి చేతుల్లో పెట్టవలసి వచ్చింది. ఆ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దీవాను సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. ఆ మే నెలాఖరునే ఇరవై నాలుగేళ్ళ తురాబ్ అలీ ఖాన్‌ను పిలిచి దీవాను పదవి ఇచ్చారు.

అది పదవి అనేకంటే బరువు అనడం సబబు. రాజా చందూలాల్ కాలం నుంచీ అప్పుమీద అప్పు. జిల్లాలను ఎవరు ఎక్కువ పాట పాడితే వారికి గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారుడు రైతుమీద పడి దండుకునేవాడు. సిపాయిలకు జీతాలు అందవు. అప్పిచ్చిన షావుకార్లు, అరబ్బు జమేదార్లు ఊళ్ళకు ఊళ్ళే తాకట్టు పట్టుకుని కూర్చున్నారు. బాకీ వసూలుకోసం మనుషులను తమ ఇళ్ళలోనే నిర్బంధించేవారు. కోర్టు, పోలీసు అన్నవి పేరుకే.

ఇటువంటి చోట కొత్తగా వచ్చిన వాడు రెండు రకాలుగా చెడిపోతాడు. ఒకడు అన్నీ ఒక్కరోజులో మారుస్తానని బయలుదేరి నెలలో పడిపోతాడు. ఇంకొకడు ఏదీ మారదని చేతులు ముడుచుకుని తన వాటా తాను చూసుకుంటాడు. సాలార్‌జంగ్ ఈ రెండూ చేయలేదు. అరబ్బు జమేదార్లతో కయ్యానికి దిగకుండా వారితో మాట్లాడి, లెక్కలు తేల్చి, తాకట్టులో ఉన్న భూములను ఒక్కొక్కటిగా విడిపించడం మొదలుపెట్టారు. అప్పు తీరుతుందన్న నమ్మకం కుదిరితే షావుకారు కూడా ఓపిక పడతాడు. ఆ నమ్మకమే ఆయన మూలధనం. విడిపించిన భూములకు గుత్తదారులను కాకుండా జీతం తీసుకునే తాలూక్‌దార్లను వేశారు. ఎవడి జీతం ఖజానాలో ఉంటుందో వాడి జవాబుదారీ కూడా అక్కడే ఉంటుందన్నది ఆయన లెక్క.

1857 – మన ఇళ్ళలో నేటికీ తెగని వాదు

ఇక్కడ ఒక సంగతి దాటవేసి పోవడం మాకు ఇష్టం లేదు. 1857లో ఉత్తరాన తిరుగుబాటు లేచింది. అదే మే నెలలో నిజాం నాసిరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వాన రొహిల్లాలు, నగరవాసులు కలిసి కోఠీలోని రెసిడెన్సీమీద దాడి చేశారు. ఆ దాడి వస్తున్నదని రెసిడెంటుకు ముందుగా కబురు పంపినవారు సాలార్‌జంగ్. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ప్రాణాలు వదిలారు. మౌల్వీగారిని అండమాను పంపారు, అక్కడే ఆయన ఆయువు తీరింది.

తుర్రేబాజ్ ఖాన్ పేరు వింటే మన గుండె ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. కోఠీలో ఆయన జ్ఞాపకార్థం కట్టిన స్తంభం ముందునుంచి పోయేటప్పుడు ఒక్క క్షణం ఆగి దుఆ చేయడం మన ధర్మం. మరి దీవాను చేసిన పనిని ఏమనాలి? ద్రోహమనేవారున్నారు, దూరదృష్టి అనేవారున్నారు. దీవాను లెక్కలో బలాబలాలు స్పష్టంగా ఉన్నాయి. కంటింజెంటు ఆంగ్లేయుల చేతిలో ఉంది, ఖజానా ఖాళీ, ఓడిపోతే రాజ్యమే ఉండదు. ఢిల్లీకి, లక్నోకు ఏ గతి పట్టిందో తర్వాత అందరూ చూశారు. హైదరాబాదు ఆ గతి నుంచి తప్పించుకుంది. కానీ దానికి చెల్లించిన ధర కొందరి ప్రాణం. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని దాచిపెడితే పిల్లలకు చరిత్ర చెప్పినట్లు కాదు. జాగ్రత్తపరుడైన మనిషికి ఉండే లోపం ఇదే. ఇల్లు కాపాడుకోవడానికి ఎదుటివాడి త్యాగాన్ని సయితం జమాఖర్చులో వేస్తాడు.

ఆ రోజుల్లో ఆయనమీద నగరంలో ఎంత కోపముండేదో రెండు సంఘటనలు చెబుతాయి. 1859 మార్చిలో రెసిడెంటుతో కలిసి దర్బారునుంచి బయటికి వస్తుండగా ఒకడు తుపాకి పేల్చాడు, గుండు తప్పింది. 1868లో ఈద్ దర్బారుకు పోతుండగా మరొకసారి కాల్పులు జరిగాయి, మళ్ళీ బయటపడ్డారు. రెండుసార్లూ ఆయన పని మానలేదు, ఊరు విడవలేదు.

జిలాబందీ – ఆయన అసలు పని

1860లో కొత్త ఒప్పందం జరిగింది. రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, యాభై లక్షల రూపాయల బాకీ రద్దయింది. బేరారు మాత్రం రాలేదు. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, చర్ల మొదలైన ప్రాంతాలు ఆంగ్లేయులకు పోయాయి. భద్రాచలం చాలాకాలం మద్రాసు వైపు ఉండటానికి మూలం అక్కడుంది.

ఊపిరి పీల్చుకునే వీలు దొరకగానే ఆయన జిలాబందీ మొదలుపెట్టారు. 1865లో మొదలై 1867 నాటికి దీవానీ ప్రాంతమంతా ఐదు సుబాలుగా, 17 జిల్లాలుగా ఏర్పడింది. జిల్లాకు మొదటి తాలూక్‌దారు, ఆయన కింద రెండవ, మూడవ తాలూక్‌దార్లు, తాలూకాకు తహశీల్‌దారు. రెవెన్యూ వేరు, కోర్టు వేరు, పోలీసు వేరు. 1868లో ఒక్కొక్క శాఖకు ఒక సదరుల్ మహామ్‌ను నియమించారు. ఊరికొక టంకశాల, చోటికొక నాణెం ఉన్న గందరగోళాన్ని తగ్గించి, హైదరాబాదు టంకశాలనుంచి హాలీ సిక్కా చెలామణిలోకి తెచ్చారు. ఆ నాణెంమీద ఆసఫ్‌జాహ్ పేరుతోబాటు 92 అంకె ఉంటుంది. అది అబ్జద్ లెక్కలో మన ప్రవక్త (స) నామానికి వచ్చే సంఖ్య అని పెద్దలకు తెలుసు. 1875లో భూముల సర్వే మొదలైంది. ఏటేటా పాలన నివేదిక అచ్చు వేయించే ఆనవాయితీ కూడా ఆయన కాలంలోదే.

ఈ సంగతులు చదవడానికి చప్పగా ఉంటాయని మాకు తెలుసు. కానీ ఒక రైతు దగ్గర నిలబడి ఆలోచించండి. నిన్నటిదాకా ఎవడో గుత్తదారుడు గుర్రంమీద వచ్చి, తోచినంత అడిగి, ఇవ్వకపోతే కొట్టిపోయేవాడు. ఇప్పుడు ఒక కచేరీ ఉంది, ఒక చిట్టా ఉంది, అర్జీ పెట్టుకోవడానికి ఒక గుమ్మం ఉంది. అన్యాయం అంతటితో ఆగిందని మేమనము. అడగటానికి చోటు దొరికింది. 1985లో మండలాలు వచ్చేవరకు మన తెలంగాణా జిల్లాల్లో పాలన నడిచింది ఆ తాలూకాలమీదే. తహశీల్‌దారు అన్న మాట అయితే ఇంకా పోలేదు.

చదువు సంగతి కూడా చెప్పాలి. దారుల్ ఉలూమ్, సిటీ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, మద్రసా-ఎ-ఆలియా – ఇవన్నీ ఆయన దీవానుగిరీలో పుట్టినవే. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ వంటి సమర్థులను ఉత్తరాదినుంచి రప్పించి ఉద్యోగాలిచ్చారు. తనకంటే ఎక్కువ తెలిసిన వారిని పక్కన పెట్టుకోవడానికి ఆయన జంకలేదు. దీనితో స్థానికులు నొచ్చుకున్నారు. ముల్కీ, గైర్‌ముల్కీ తగాదాకు విత్తనం అక్కడే పడింది.

ఓపిక అనే గుణం

పైనున్న నిజాం అఫ్జలుద్దౌలాకు తన దీవానుమీద నమ్మకం తక్కువ. తీసివేయాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నం కూడా జరిగింది. రెసిడెంటు అడ్డుపడ్డాడు. పైవాడు అనుమానిస్తాడు, బయటివాడు తన స్వార్థానికి కాపాడుతాడు, జనం తిడతారు. ఇంతమంది మధ్య ముప్ఫై ఏళ్ళు నెగ్గుకు రావటం మాటలు కాదు. ఆయన నిజాం ముందు అదబు తప్పలేదు. కబుర్లు మోసేవారికి జవాబులు చెప్పుకుంటూ పోలేదు. మరునాడు పొద్దున్నే లేచి దేవిడీలో అర్జీదార్లను చూసి, ఖజానా లెక్కలు చూసి, కాగితాలమీద సంతకాలు పెట్టారు.

1869లో అఫ్జలుద్దౌలా పోయారు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. అమీరె కబీర్‌తో కలిసి సాలార్‌జంగ్ పసిరాజుకు సంరక్షకులయ్యారు. పసివాడి రాజ్యం పెద్దల చేతిలో పడితే ఏమవుతుందో చరిత్రలో బోలెడు కథలున్నాయి. ఇక్కడ అటువంటి కథ జరగలేదు. అమానతు అన్న మాటకు అర్థం తెలిసిన మనిషి ఆయన.

బేరారు కోసం ఆయన పట్టు విడవలేదు. 1876లో ఇంగ్లండు ప్రయాణమయ్యారు. దారిలో పారిస్‌లో హోటలు మెట్లమీద జారిపడి తొడ ఎముక విరిగింది. ఆ స్థితిలోనే లండను చేరారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది, లండను నగరం గౌరవ పౌరసత్వం ఇచ్చింది, విందులమీద విందులు చేశారు. బేరారు ఒక్కటి ఇవ్వలేదు. 1857లో ఆయన చేసిన సాయానికి అంత పొగిడిన వారే, అడిగిన న్యాయానికి మాత్రం ముఖం తిప్పుకున్నారు. పైగా సహసంరక్షకుడు పోగానే, 1877లో ఆయనకు గిట్టనివారినే తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఆ అవమానాన్ని కూడా మింగి పని చేశారు. బేరారు చివరికి 1902లో శాశ్వత కౌలు పేరిట పోయింది, అది చూడటానికి ఆయన లేరు.

లోపాలు, చివరి రోజులు

ఆయన చేసినవన్నీ ఒప్పులే అని మేము రాయడం లేదు. జిలాబందీ దీవానీ భూములకే. జాగీర్లలో, పాయిగాల్లో రైతు గోడు అట్లాగే ఉండిపోయింది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలకు కచేరీ భాష పార్సీయే. ఆయన పోయిన తర్వాత 1884లో గాని అది ఉర్దూకు మారలేదు. తెలుగు రైతుకు అదీ పరాయిదే. ఇంకొక లోపం అన్నింటికంటే మనకు పనికివచ్చేది. అన్నీ తానే చూసుకున్నారు, తన తర్వాత ఆ బరువు మోసేవారిని తయారు చేయలేదు. 1883 ఫిబ్రవరి 7న మీర్ ఆలం చెరువుమీద ఒక యూరపు ప్రభువుకు విందు చేశారు. ఆ రాత్రి కలరా సోకింది, మరునాటికల్లా ప్రాణం పోయింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వయస్సు యాభై నాలుగు. దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. ఏడాది తర్వాత, యౌవనం దాటని కుమారుడు రెండవ సాలార్‌జంగ్ దీవాను అయ్యారు గాని, మూడేళ్ళకే 1887లో తప్పుకోవలసి వచ్చింది.

నమ్మదగిన మనిషి చేసే పొరపాటు ఇదే. అతనున్నంతకాలం ఎవరికీ దిగులుండదు. దిగులులేదు గనుక ఎవరూ నేర్చుకోరు. మన సంఘాల్లో చూడండి. ఎవరో ఒక పెద్దమనిషి ఇరవై ఏళ్ళు జమాఖర్చుల పుస్తకం రాస్తాడు, చందాలు వసూలు చేస్తాడు, వితంతువులకు నెలనెలా పైకం చేరుస్తాడు, జనాజా వేళ అర్ధరాత్రి తలుపు తడితే చొక్కా తొడుక్కుంటూ వస్తాడు. వేదికమీద ఆయన పేరు ఎవరూ తలవరు. ఒకరోజు ఆయన పోతాడు. అప్పుడు బీరువా తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కాబట్టి ఈ చరిత్రనుంచి మేము మా సభ్యులను కోరేది రెండే. అటువంటి వ్యక్తి మీ పేటలో ఉంటే ఆయన బతికుండగానే ఒక మంచి మాట చెప్పండి. మీ ఇంటి కుర్రవాణ్ణి వారానికొకరోజు ఆయన పక్కన కూర్చోబెట్టి లెక్క రాయడం నేర్పించండి. ఖమ్మంలో ఎనిమిది నెలలు కూర్చుని నేర్చుకున్న కుర్రవాడే ముప్ఫై ఏళ్ళు ఒక రాజ్యాన్ని మోశాడు.

ఈసారి మ్యూజియానికి పోయినప్పుడు గడియారం, రెబెకా చూసిన తర్వాత పిల్లలకు ఈ తాతగారి కథ కూడా చెప్పండి. ఒప్పులూ చెప్పండి, తప్పులూ చెప్పండి. అల్లాహ్ ఆయన పొరపాట్లను మన్నించి, చేసిన మేలుకు ప్రతిఫలం ప్రసాదించుగాక. అమానతును నిలబెట్టుకునే బుద్ధి మనందరికీ ఇచ్చుగాక. ఆమీన్.